గణితకవి పావులూరి మల్లన

తెలుగువారి ఆదికవి ఎవరని అడిగితే అయిదవ తరగతి బాలుడు కూడా నన్నయభట్టు పేరు చెప్పగలడు. ఆ బాలుడినే తెలుగులో మొట్టమొదటి లెక్కల పుస్తకం వ్రాసినవాడెవరని అడిగి చూడండి. బాలుడే కాదు, అతనికి లెక్కలు చెప్పే పంతులుగారు కూడా ఒక్క క్షణం తటపటాయించవచ్చును. తెలుగు పంతులుగారు మాత్రం వెంటనే చెప్పగలరు: పావులూరి మల్లన. సాహిత్య చరిత్రలన్నింటిలోను అతనికి చోటున్నది. అయితే అక్కడ అతని పద్యాలను మెచ్చుకొని, లెక్కల జోలికి పోకుండా ముందుకు సాగిపోతారు. లెక్కల పుస్తకాలలోనా, అతని పేరు కనబడటమే అరుదు. కవులు గణితజ్ఞుడని, గణితజ్ఞులు కవి అని అతనిని గుమ్మం దగ్గరే నిలబెట్టినారు కాబోలు.

ఈనాడు కంప్యూటరుకు ప్రోగ్రాము వ్రాయడం నేర్చుకునే విద్యార్థి తొలి దినాలలోనే చేసే అభ్యాసం ఒకటున్నది. ఒక సంఖ్య ఇస్తే దాని వర్గం చెప్పేది ఒకటి, ఘనం చెప్పేది మరొకటి, వరుస సంఖ్యల మొత్తం చెప్పేది ఇంకొకటి, భాగహారంలో శేషం చెప్పేది వేరొకటి - ఇట్లా చిన్న చిన్న పనిముట్లను వ్రాసి ఒకచోట చేర్చుకుంటాడు. వీటిని ఫంక్షనులు అంటారు. ఆ మూటకు లైబ్రరీ అని పేరు. ఒకసారి సరిగా వ్రాసిపెట్టుకుంటే మళ్ళీ మళ్ళీ ఆలోచించనక్కరలేదు. కావలసినప్పుడు పేరు పెట్టి పిలిచి, సంఖ్యలు చేతికిస్తే, అది జవాబు తెచ్చి ఇస్తుంది. ఇది నిన్న మొన్నటి విద్య అని మనం అనుకుంటాము. యంత్రం మట్టుకు నిన్న మొన్నటిదే. కాని గణనక్రమాలను ఏరి, కూర్చి, పేర్లు పెట్టి, ప్రతిదాని వెంట అభ్యాసం చేర్చి, చదువు మొదలుపెట్టినవాని చేతికి అందించే పని తెలుగునేలపై తొమ్మిది వందల యేండ్ల క్రిందటే జరిగినది. ఆ పని చేసినవాడే మల్లన.

అతని జీవితం గురించి మనకు చెప్పేది ముఖ్యంగా అతని గ్రంథమే. ఇంటిపేరు పావులూరు అనే గ్రామం నుండి వచ్చినది. కమ్మనాటిలోని పావులూరు, అంటే నేటి ఇంకొల్లు దగ్గర ఉన్న ఊరే అది అని పండితులు గుర్తిస్తున్నారు. మా నెల్లూరు సీమకు ఉత్తరాన, సముద్రానికి మరీ దూరం కాని నల్లరేగడి ప్రాంతమది. మల్లన శివభక్తుడు. వేంగీ చాళుక్య ప్రభువు రాజరాజనరేంద్రుడు పిఠాపురం దగ్గరి నవఖండవాడను మల్లనకు దానమిచ్చినట్లు గ్రంథంలోని ఒక పద్యం చెబుతున్నది. రాజమహేంద్రవరం నుండి రాజ్యమేలిన ఆ ప్రభువే నన్నయచేత మహాభారతాన్ని తెనిగింపజేసినవాడు. అతని పాలన 1022లో మొదలై, నడుమ నడుమ అంతఃకలహాలకు లోనై, 1061 వరకు సాగినది.

ఇక్కడ ఒక చిక్కున్నది. ఆ వంశంలో తాతకు మనుమనికి ఒకటే పేరు. దానం పుచ్చుకున్న మల్లనయే గణితం వ్రాసినవాడని కొందరు, కాదు, అతని మనుమడైన మల్లన వ్రాసి, తాతకు కలిగిన గౌరవాన్ని చెప్పుకున్నాడని మరికొందరు వాదించినారు. మొదటి వాదం నిలిస్తే మల్లన నన్నయకు సమకాలికుడు. రెండవది నిలిస్తే గ్రంథం పన్నెండవ శతాబ్ది మొదటి భాగానిది. నాకు ఈ వాదంలో ఏ పక్షం పట్టడానికీ తొందర లేదు. ఏభై అరువై యేండ్ల తేడా కాలక్రమం కట్టే చరిత్రకారునికి పెద్దది. తెలుగులో అంతవరకు లేని ఒక రచనాప్రక్రియను ఒక మనిషి ఎట్లా కల్పించుకున్నాడో తెలుసుకోగోరే మనకు అంత పెద్దది కాదు. తెలుగులో తొలి శాస్త్రగ్రంథంగా దీనినే సాహిత్య చరిత్రకారులు లెక్కిస్తారు. తాత చేసినా మనుమడు చేసినా, ముందు నడిచిన బాట లేని చోట నడిచినాడన్నది నిశ్చయం.

మల్లనకు మూలగ్రంథం మహావీరాచార్యుని గణితసారసంగ్రహం. మహావీరుడు జైనుడు. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, సుమారు 850 ప్రాంతంలో ఆ సంస్కృత గ్రంథాన్ని రచించినాడు. అంతకు పూర్వం మన దేశంలో గణితం ఎక్కువగా జ్యోతిషానికి అనుబంధంగా, సిద్ధాంత గ్రంథాలలో ఒకటి రెండు అధ్యాయాలుగా ఉండేది. మహావీరుడు దానిని ఆకాశం నుండి దించి ప్రత్యేక గ్రంథంగా విస్తరించి కూర్చినాడు. కొలతలు, పేర్లు తెలిపే సంజ్ఞలతో ప్రారంభించి, గుణకార భాగహారాది పరికర్మలు, భిన్నాలు, ప్రకీర్ణకాలు, త్రైరాశికం, మిశ్రకం, క్షేత్రగణితం, గోతులు కుప్పలు కొలిచే ఖాతం, నీడను బట్టి లెక్కించే ఛాయ అని వరుసగా నడిపినాడు. ముందు సూత్రం, వెనువెంట ఉదాహరణం. సూత్రం చెప్పేది పద్ధతి. ఉదాహరణం ఇచ్చేది సంఖ్యలు. నేటి ప్రోగ్రాము పుస్తకం తెరిచినా ఇదే అమరిక కనబడుతుంది.

మల్లన తన గ్రంథానికి సారసంగ్రహ గణితమని పేరు పెట్టినాడు. లోకం పావులూరి గణితమన్నది. దానిని అనువాదమనడం వాడుక. కాని ప్రక్క ప్రక్కన పెట్టి చూసిన విద్వాంసులు తేల్చిన సంగతి మరొక విధంగా ఉన్నది. జైన స్తుతులున్న చోట శివస్తుతులు పెట్టినాడు. అది అతని మతం, అతని ఇష్టం. అసలు విశేషం లెక్కలలో ఉన్నది. మహావీరుడు ఒక సంఖ్య వర్గం కట్టడానికి అయిదు పద్ధతులు చెప్పినాడు, ఘనం కట్టడానికి ఏడు చెప్పినాడు. మల్లన వర్గానికి ఒకటి, ఘనానికి ఒకటి ఉంచుకొని తక్కినవి వదిలివేసినాడు. బీజగణితానికి, కుట్టకానికి సంబంధించిన భాగాలను తీసివేసినాడు. అంతటితో ఊరుకోక, మూలంలో లేని ఉదాహరణలు పెక్కు తాను కల్పించి చేర్చినాడు. తీసినది చేర్చినది కలిపి చూస్తే అతడు ఎవరికోసం వ్రాస్తున్నాడో తెలిసిపోతుంది.

వర్గం సంగతే తీసుకుందాము. 37 వర్గం కావాలి. ముప్పదిని, ఏడును విడదీసి 900, 49, వాటి లబ్ధానికి రెట్టింపు 420 కలిపితే 1369. మరొక దారి: 37కు 3 కలిపితే 40, తీసివేస్తే 34, రెండింటి లబ్ధం 1360కి 3 వర్గం 9 చేర్చితే అదే 1369. ఇంకొక దారి: ఒకటి మొదలు వరుసగా ముప్పది ఏడు బేసి సంఖ్యలు కూడుతూ పోవడం. మూడును సరైనవే. తెలిసినవానికి మూడింటి మధ్య సంబంధం ఒక విందు. తెలియనివానికి మొదటి దినమే మూడు దారులు చూపితే ఏ దారినీ నడవడు, కూడలిలో నిలబడిపోతాడు. ముప్పది మంది పిల్లలున్న తరగతిలో లెక్కలు చెప్పిన ఉపాధ్యాయునికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఒక పద్ధతిని చేతికి పట్టుబడే వరకు చేయించడం, తక్కినవి తరువాత చూపించడం - ఇది పుస్తకంలో కన్న బడిలో పుట్టిన వివేకం. మల్లన చేత అధ్యాపకుని బెత్తమున్నదో లేదో గాని, అతని చూపు మాత్రం అధ్యాపకునిదే.

ఈ కుదింపును గురించి రెండవ పక్షం కూడా ఉన్నది, దానిని దాచిపెట్టడం న్యాయం కాదు. కుట్టకం వంటి ఉన్నత గణితభాగాన్ని తొలి తెలుగు గణితగ్రంథమే వదిలిపెట్టడం వలన సంస్కృతం రాని తెలుగు విద్యార్థికి ఆ తలుపు మూసుకొనిపోయినది. తరువాతి కాలంలో ఎలుగంటి పెద్దన భాస్కరాచార్యుని లీలావతిని తెలుగు చేసినాడు గనుక మల్లన దారిలో నడిచినవారు అసలే లేరనరాదు. అయినా సులభం చేయడమనే పేరిట ఏది కోసివేయవచ్చు, ఏది కోయరాదు అన్న ప్రశ్న పాఠ్యపుస్తకం వ్రాసే ప్రతివానికి ఎదురవుతుంది. పద్ధతులు అయిదింటిలో నాలుగు తీసివేస్తే గమ్యం పోదు, దారులే తగ్గుతాయి. బీజగణితం తీసివేస్తే ఒక గమ్యమే పోతుంది. మొదటి కోత మెచ్చదగినది. రెండవదానిని క్షమించవచ్చునేమో గాని మెచ్చలేను.

ఇక చేర్చిన ఉదాహరణల సంగతి. ఇవి చూడముచ్చటైనవి. గుణకారం చేస్తే జవాబులోని అంకెలు హారంలో పూసల వలె అమరే సంఖ్యలు మహావీరుని గ్రంథంలో కొన్ని ఉన్నవి. ఆయన వాటిని కంఠాభరణాలుగా వర్ణించినాడు. 139ని 109 చేత గుణించితే 15151. 12345679ని 9 చేత గుణించితే వరుసగా తొమ్మిది ఒకట్లు. 142857143ని 7 చేత గుణించితే మొదట ఒకటి, చివర ఒకటి, నడుమ ఎనిమిది సున్నలు. ఇట్టివి మల్లనకు ఎంత ప్రీతి అంటే, మూలంలోనివి చాలక తన సొంతవి ఎన్నో కూర్చినాడు. కొత్తగా చేర్చిన లెక్కలలో ఇటు చదివినా అటు చదివినా ఒకే తీరుగా ఉండే జవాబులు గలవి విస్తారం. కవి గనుక అందం కోసం చేసినాడని సాహిత్యకారులు సరిపెట్టుకున్నారు. నేను దీనిలో మరొక ప్రయోజనం చూస్తున్నాను.

152207ను 73 చేత గుణించండి. మూడింతలు 456621. డెబ్బదింతలు 10654490. రెండూ కూడితే 11111111. ఎనిమిది ఒకట్లు. ఇప్పుడు మధ్యలో ఎక్కడో ఒక దశకం మోయడం మరచిపోయినాడనుకుందాము. జవాబులో ఏదో ఒకచోట ఒకటికి బదులు సున్న గాని, మరొక అంకె గాని పడుతుంది. హారంలో పూస తప్పినది కంటికి కొట్టవచ్చినట్లు కనబడుతుంది. గురువుగారు ప్రక్కన లేకపోయినా, చివర జవాబుల పట్టిక లేకపోయినా, తన తప్పు తనకే తెలుస్తుంది. పలకపై ఇసుకపై లెక్కలు చేసుకొని తుడిచివేసే దినాలలో ఇది ఎంత ఉపకారమో ఆలోచించండి. నేడు ప్రోగ్రాము వ్రాసేవారు ప్రతి ఫంక్షనుకు జవాబు ముందే తెలిసిన కొన్ని సంఖ్యలను సిద్ధం చేసుకొని, వాటితో దానిని పరీక్షించి చూస్తారు. పరీక్ష నెగ్గని ఫంక్షనును మూటలో చేర్చరు. మల్లన ఇచ్చిన లెక్కలు ఆ జాతివి. జవాబు తన్ను తానే పరీక్షించుకుంటుంది.

పద్యాలలో లెక్కలేమిటని నవ్వేవారు ఆ కాలంలో లేరు. తాటాకు ఖరీదైనది, వ్రాయసగాడు అరుదైనవాడు. విద్యార్థి గ్రంథాన్ని నాలుకపై మోయాలి. అట్లా మోయడానికి పద్యం కన్న గట్టి మూట లేదు. అందులోను తెలుగు పద్యానికి యతి ఉన్నది, ప్రాస ఉన్నది, గణాలున్నవి. నోట చదువుతూ ఉండగా ఒక మాట జారిపోతే గణం చెడుతుంది, యతి తప్పుతుంది. ఎక్కడ జారినదో చెవికి వెంటనే తెలుస్తుంది. వ్రాతలో తప్పు పడినా అంతే. అంటే లెక్క ఎట్లా తన్ను తాను పరీక్షించుకుంటున్నదో, లెక్కను మోసే పద్యమూ అట్లాగే తన్ను తాను కాపాడుకుంటున్నది.

అంకెలను పద్యంలో పెట్టడానికి మన పూర్వులు ఒక ఉపాయం కనిపెట్టినారు. చంద్రుడొక్కడు గనుక చంద్రుడంటే 1. కన్నులంటే 2. అగ్నులంటే 3. వేదాలు గాని సముద్రాలు గాని 4. మన్మథుని బాణాలు 5. కొండలు 7. ఏనుగులు 8. రంధ్రాలు 9. ఆకాశం శూన్యం గనుక సున్న. ఒక్కొక్క దానికి ఎన్నో పర్యాయపదాలున్నవి గనుక ఏ గణంలో ఏది ఇముడుతుందో దానిని వేసుకోవచ్చు. చదివేటప్పుడు మొదటి మాట ఒకట్ల స్థానంలోను, రెండవది పదుల స్థానంలోను, ఇట్లా కుడి నుండి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి. దీనిని భూతసంఖ్యా పద్ధతి అంటారు. ఈ పద్ధతిలో మల్లన పేరిట అన్నింటికన్న ప్రసిద్ధి చెందినది ఒక చంపకమాల. తెలుగు చదువుకున్న పెద్దలలో దానిని కంఠస్థం చేసినవారు నేటికీ ఉన్నారు. అది చదరంగపు గళ్ళ లెక్క.

చదరంగంలో అరువది నాలుగు గళ్ళు. మొదటి గడిలో ఒకటి, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లా గడి గడికి రెట్టిస్తూ పోతే మొత్తమెంత? మల్లన పద్యం ఇరవై అంకెల జవాబు చెబుతుంది: 1,84,46,74,40,73,70,95,51,615. భూతసంఖ్యలు విడదీసి ఒక్కొక్క అంకె సరిచూసుకోవచ్చు. ఎక్కడా పొల్లు లేదు. ఇరవై పదాలు, ఇరవై అంకెలు, యతిప్రాసలు చెడకుండా నాలుగు పాదాలలో ఇమిడినవి. ఇది చేయడానికి ఒక చేత ఛందస్సు, ఒక చేత గణితం రెండూ వశమై ఉండాలి. ఒకటి వచ్చి రెండవది రానివాడు చేయలేడు.

ఈ సంఖ్యను రాబట్టడానికి అరువది మూడుసార్లు రెట్టించి, అరువది నాలుగు సంఖ్యలు కూడనక్కరలేదు. రెట్టిస్తూ పోయే వరుసలో మొత్తం ఎప్పుడూ తరువాతి గడి సంఖ్యకు ఒకటి తక్కువ. ఒకటి, రెండు, నాలుగు కూడితే ఏడు, తరువాతిది ఎనిమిది. కాబట్టి రెండును అరువది నాలుగు మార్లు వేసి గుణించి ఒకటి తీసివేస్తే చాలు. ఆ గుణకారానికి కూడా మహావీరుడు అడ్డదారి చెప్పినాడు. ఛందశ్శాస్త్రంలో పింగళుని నాటి నుండి వస్తున్న దారి అది. సంఖ్య సరి అయితే సగం చేసి ఒక గుర్తు పెట్టు. బేసి అయితే ఒకటి తీసి మరొక గుర్తు పెట్టు. సున్న వచ్చేదాకా పోయి, గుర్తులను వెనుకనుండి చూసుకుంటూ, బేసి గుర్తు వద్ద గుణించు, సరి గుర్తు వద్ద వర్గం కట్టు. అరువది నాలుగును ఆరుసార్లు సగం చేస్తే ఒకటి. దానినుండి ఒకటి తీస్తే సున్న. వెనుకకు రండి: 2, దాని వర్గం 4, ఆపైన 16, 256, 65,536, 4,29,49,67,296, చివరి వర్గం ఇరవై అంకెలది. ఆరు వర్గాలతో పని ముగిసినది. నేడు ప్రోగ్రాము నేర్చేవారు ఘాతం కట్టే ఫంక్షనును త్వరగా పని చేసేటట్లు వ్రాయమంటే వ్రాసేది ఈ క్రమాన్నే.

మరొక చిత్రం. నేటి కంప్యూటరులలో ఒక సంఖ్యను నిలువ చేయడానికి సాధారణంగా అరువది నాలుగు గదుల వరుస ఉంటుంది. ఒక్కొక్క గదిలో సున్న గాని ఒకటి గాని. ఋణసంఖ్యల ప్రసక్తి లేకుండా ఆ వరుసలో పట్టే మిక్కిలి పెద్ద సంఖ్య ఏది? అన్ని గదులలోను ఒకట్లు నింపితే వచ్చేది, అంటే గడి గడికి రెట్టింపయ్యే చదరంగపు మొత్తమే, ఒక్క అంకె తేడా లేకుండా. దానికి ఇంకొక ఒకటి కలిపితే సీ వంటి భాషలలో ఆ వరుస తిరిగి సున్నకు వస్తుంది. విద్యార్థి ఈ లెక్కకు ఫంక్షను వ్రాసి, మల్లన పద్యం విడదీసి, రెండు జవాబులు ప్రక్క ప్రక్కన పెట్టుకొని చూడవచ్చు. తెలుగు పంతులుగారు, లెక్కల పంతులుగారు ఒకే గదిలో కూర్చొని చెప్పవలసిన పాఠమిది. అట్లా కూర్చోవడమే మన బడులలో అరుదు.

ఇంత పెద్ద సంఖ్యలతోనే మల్లన కాలం గడిపినాడనుకోరాదు. గ్రంథంలో అసలు బరువు నిత్యవ్యవహారంలో ఉన్నది. త్రైరాశికాన్ని చూడండి. ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అని మూడు రాశులిస్తారు. ఫలాన్ని ఇచ్ఛచేత గుణించి ప్రమాణంచేత భాగిస్తే జవాబు. మూడు సంఖ్యలు పుచ్చుకొని ఒకటి తిరిగి ఇచ్చే ఫంక్షను ఇంతకన్న స్పష్టంగా ఎవరు చెప్పగలరు? మా బుచ్చిరెడ్డిపాలెం ప్రాంతంలో కనిగిరి జలాశయం కాలువల క్రింద పండే వడ్లను రైతులు పుట్లలో లెక్కిస్తారు. ఇక్కడి పుట్టి 850 కిలోలు. పుట్టి ధర 17,000 రూపాయలనుకుంటే, 2,975 కిలోలకు ఎంత రావాలి? ప్రమాణం 850, ఫలం 17,000, ఇచ్ఛ 2,975. జవాబు 59,500. కళ్ళంలో నిలబడి ఈ లెక్క వేయలేని రైతు దళారి చెప్పిన అంకెకు తల ఊపవలసినదే. అందుకే పుట్టి అంటే ఎంతో పుస్తకం మొదటనే ఒకచోట వ్రాసిపెట్టుకోవాలి. ఆ కొలత కాలాన్ని బట్టి, సీమను బట్టి మారుతూ వచ్చినది. మహావీరుడు మొదటి అధ్యాయమంతా సంజ్ఞలకు, కొలతలకు ఇచ్చినది ఉబుసుపోకకు కాదు.

క్షేత్రగణితంలో ఇంకా గట్టి చిక్కున్నది. నాలుగు గట్లున్న పొలానికి వైశాల్యం ఎంత? పూర్వగణితకారులు ఒక స్థూల పద్ధతి చెప్పినారు. ఎదురెదురు గట్ల పొడవులు కూడి సగం చేయి, రెండు సగాలను గుణించు. మహావీరుడు కూడా దానిని వ్యావహారికమని పేరు పెట్టి చెప్పి, వేరుగా సూక్ష్మ పద్ధతి కూడా చెప్పినాడు. పొలం చక్కని దీర్ఘచతురస్రమైతే స్థూల పద్ధతి నిజమే చెబుతుంది. అరువది గజాలు, నలువది గజాలు గట్లున్న మడికి 2,400. అదే మడి ప్రక్కకు ఒరిగి ఉన్నదనుకోండి. నాలుగు గట్ల పొడవులు మారలేదు. లెక్క మాత్రం మళ్ళీ 2,400 అనే చెబుతుంది. అసలు నేల బాగా ఒరిగినచోట సగానికి కూడా పడిపోవచ్చును. స్థూల పద్ధతి తప్పు చెప్పినప్పుడల్లా ఎక్కువే చెబుతుంది, తక్కువ చెప్పదు. శిస్తు కట్టేవాడు లేని నేలకు శిస్తు కడతాడు. కొనేవాడు లేని నేలకు సొమ్ము చెల్లిస్తాడు. సూక్ష్మ పద్ధతి కూడా ఈ ఒరిగిన మడికి అదే జవాబు ఇస్తుంది. వృత్తంలో ఇమిడే చతుర్భుజానికే అది సరిపోతుంది. కర్ణం కొలవకుండా చతుర్భుజం వైశాల్యం అడిగేవారిని, చెప్పేవారిని భాస్కరాచార్యుడు 1150 నాటి లీలావతిలో గట్టిగానే మందలించినాడు. అయిదు కొలతలు కావలసిన ఫంక్షనుకు నాలుగే ఇచ్చి జవాబు రాబట్టితే జరిగేది ఇదే. జవాబు రాకపోతే చిక్కు లేదు, వస్తుంది. అదే ప్రమాదం.

సున్నతో భాగించే విషయంలోను మహావీరుడు పొరపడినాడు. సున్నచేత భాగిస్తే రాశి మారదన్నాడు. భాస్కరుడు దానిని ఖహరమని వేరుగా పెట్టి, అది అంతులేని రాశి అన్నాడు. నేటి ప్రోగ్రాము రచయిత భాగహారానికి ముందు భాజకం సున్న కాదు గదా అని చూసుకొని గాని అడుగు వేయడు. ఎంత గొప్పవాడు కూర్చిన మూటనైనా విప్పి పరీక్షించుకొని వాడుకోవాలన్నది విద్యార్థికి ఇక్కడే తెలిసి వస్తుంది.

పాశ్చాత్య దేశాలలో ఈ మూటలు కట్టే పని యంత్రాల కోసం ప్రారంభమైన కాలం మనకు దగ్గరిదే. 1949 మే నెలలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్సాక్ అనే యంత్రం పని ప్రారంభించినది. మాటిమాటికి కావలసి వచ్చే గణనక్రమాలను కాగితపు టేపులపై రంధ్రాలుగా పొడిచి, బీరువాలో వరుసగా దాచి, కావలసినవాడు తీసి నకలు చేసుకునేవాడు. 1951లో మారిస్ విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ అనే ముగ్గురు ఆ మూటను వివరిస్తూ ఒక పుస్తకం వెలువరించినారు. ప్రోగ్రాము రచనపై వచ్చిన తొలి పుస్తకమని దానికి పేరు. వారు మల్లన పేరు విని ఉండరు. వినవలసిన అవసరమూ లేదు. ఒకే అవసరం రెండు చోట్ల ఒకే ఉపాయాన్ని పుట్టించినది. ఒకరిది టేపు, ఒకరిది చంపకమాల.

మల్లన గ్రంథం తాటాకులపై చేతినుండి చేతికి మారుతూ శతాబ్దాలు బ్రతికినది. దాని ప్రతులు మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరినవి. సి. పి. బ్రౌను సేకరించిన తెలుగు వ్రాతప్రతులు కూడా నిలిచిన చోటు అది. మూలమైన గణితసారసంగ్రహానికి మాత్రం ముందుగా పెద్దపీట దొరికినది. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యుడు ఎం. రంగాచార్యులు దానిని పరిష్కరించి, ఇంగ్లీషు అనువాదంతో 1912లో ప్రకటించినాడు. అమెరికా గణితచరిత్రకారుడు డేవిడ్ యూజీన్ స్మిత్ దానికి పీఠిక వ్రాసినాడు. ఆనాటి నుండి మహావీరుని పేరు ప్రపంచ గణితచరిత్రలలోకి ఎక్కినది. రెండు గ్రంథాలను ప్రక్క ప్రక్కన పరిచి, మల్లన ఏది ఉంచినాడు, ఏది తీసినాడు, ఏది కొత్తగా చేర్చినాడని పట్టిక కట్టగల వీలు కూడా ఆ ముద్రణతోనే కలిగినది. ఆ పట్టిక కట్టినవారు మల్లనను ఉట్టి అనువాదకుడనడం మానివేసినారు.

ఇట్టి గుణకారాలు ఎనిమిదవ తరగతి పిల్లల చేత చేయించదగినవి. కాగితం మీద ఒకసారి, కంప్యూటరు మీద ఒకసారి. మొదట 152207తో మొదలుపెట్టవచ్చు.